క్యాంపస్ అలర్ట్ మీ ఫోన్‌లో మోగుతుందా?
కాలేజీలో చేరినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు మార్చేశారా? అయితే కాలేజీ పంపే ఎమర్జెన్సీ మెసేజ్‌లు (క్యాంపస్ అలర్ట్‌లు) ఇంకా పాత నంబరుకే పోతుంటాయి. స్టూడెంట్ పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి.

అసలు చిక్కు సైలెంట్ మోడ్‌తోనే. అలర్ట్ పనిచేస్తుందో లేదో చూడ్డానికి కాలేజీ పంపే టెస్ట్ మెసేజ్ రాగానే విసుక్కుని డిలీట్ చేసేస్తాం కదా, ఈసారి ఆ నంబరును కాంటాక్ట్‌గా సేవ్ చేయండి. ఐఫోన్‌లో ఆ కాంటాక్ట్‌ను ఎడిట్ చేస్తూ టెక్స్ట్ టోన్ నొక్కితే ‘ఎమర్జెన్సీ బైపాస్’ కనిపిస్తుంది. అది ఆన్ చేస్తే ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ కాంటాక్ట్‌కి స్టార్ పెట్టి, డూ నాట్ డిస్టర్బ్ సెట్టింగ్స్‌లో స్టార్ ఉన్నవాళ్ల మెసేజ్‌లకు పర్మిషన్ ఇస్తే, డూ నాట్ డిస్టర్బ్ ఆన్‌లో ఉన్నా అలర్ట్ వినిపిస్తుంది. అమెరికాలో ఫెడరల్ సాయం అందుకునే కాలేజీలకైతే ఏడాదికి ఒక్కసారైనా ఈ అలర్ట్ వ్యవస్థను టెస్ట్ చేయాలని రూలే ఉంది.

బేస్‌మెంట్ ల్యాబుల్లో సిగ్నల్ అందకపోవచ్చు కాబట్టి పోర్టల్‌లో ఈమెయిల్‌కి కూడా టిక్ పెట్టండి, వైఫై మీదైనా వస్తుంది.