పాత స్టూడియో పాటరీ కొనే ముందు జాగ్రత్తలు

స్టూడియో పాటరీ అంటే కళాకారులు సొంత వర్క్‌షాపులో చేతితో చేసిన మట్టి పాత్రలు. చెన్నైలో ఎవరింట్లోనో, పేరున్న బ్రిటిష్ కుండల కళాకారిణి లూసీ రీ చేసిన గిన్నె అమ్మకానికి ఉందని కబురొస్తే ఆత్రపడి పరుగెత్తకండి.

ముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. టీకప్పు అయినా సరే, పిడి పట్టుకుని ఎత్తొద్దు. అడుగున ఒక చెయ్యి, పక్కన ఒక చెయ్యి. బల్ల మీద తువ్వాలు పరిచాకే తిరగేయండి.

వేలి కణుపుతో మెల్లగా తట్టండి. ఎక్కువ వేడిలో కాల్చిన స్టోన్‌వేర్ (రాయిలా గట్టిపడే మట్టి పాత్రలు), పోర్సలిన్ (తెల్లని పింగాణీ) బాగుంటే ఖంగుమంటాయి. బీట ఉంటే టప్పుమని ఊరుకుంటాయి. తక్కువ వేడిలో కాల్చినవి నిక్షేపంగా ఉన్నా అంతగా మోగవు, వాటిని అనుమానించకండి.

చీకటి గదిలో యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి వేయండి. అతుకు మీద పూసిన రంగు చాలాసార్లు వేరే మెరుపుతో బయటపడుతుంది. నేను పట్టపగలు వరండాలో చూసి ఓ జాడీ కొన్నాను. ఇంటికొచ్చి అంచు వెంట గోరు లాగితే ఒక్కచోట మెత్తగా, ప్లాస్టిక్‌లా తగిలింది, అతుకే! ఐదు రోజులు దాని మొహం చూడలేదు.

అడుగున చేసినవారి ముద్ర చూసి మురిసిపోవద్దు. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఒక జైల్లో, కుండల క్లాసులోనే ఖైదీలు పేరుమోసిన బ్రిటిష్ కుండల కళాకారుడు బెర్నార్డ్ లీచ్ ముద్రతో నకిలీలు చేస్తే వేలం సంస్థలే నమ్మేశాయి! పాత బిల్లు, వేలం కేటలాగు పేజీ లాంటివి అడగండి. ముఖం చిట్లిస్తే చిట్లించనీ.

గ్లేజు (పాత్ర మీద గాజులా మెరిసే పూత) మీద సన్నని నెర్రెలు మాత్రం లోపం కాకపోవచ్చు. కొందరు కావాలనే తెప్పిస్తారు.

మూత విడిగా చుట్టండి. ఆటోలో ఒళ్లో పెట్టుకుని మాత్రం రావొద్దు.