మెడ ఆపరేషన్ తర్వాత మళ్లీ షటిల్ ఆడాలంటే

షటిల్‌లో మెడ బాగా అలిసిపోయేది తల వెనక్కి వాల్చి, పైనుంచి దిగే కాక్‌ను చూసేటప్పుడు. నాకు మెడలోని ఐదు, ఆరో ఎముకల (సీ5-సీ6) మధ్య మెత్తగా ఉండే డిస్క్ తీసేసి, ఆ రెండు ఎముకలూ కలిసి అతుక్కునేలా కేజ్ (డిస్క్ స్థానంలో పెట్టే చిన్న దిమ్మ), ప్లేటు వేశారు. ఫ్యూజన్ అంటారు. మళ్లీ కోర్టులో దిగడానికి నేను చేసిన ప్రతి పనీ ఆ పైచూపును దృష్టిలో పెట్టుకునే చేశాను.

ముందు ఎముక అతకాలి. కుట్టు మానిపోయి, చేతిలోకి లాగే నొప్పి తగ్గగానే అంతా బాగైపోయిందనిపిస్తుంది. లోపల అతుకు గట్టిపడటానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా. తల వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి ఎక్స్‌రేలు తీస్తారు, కావాలంటే సీటీ కూడా. అవి చూసి సర్జన్ సరే అనేదాకా రాకెట్ ముట్టుకోకండి. సిగరెట్ తాగితే ఎముక సరిగా అతకదు, దయచేసి మానేయండి. నొప్పి మాత్రలు కూడా డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు.

ఈలోగా రోజూ నడవండి. సర్జన్ ఒప్పుకున్నాక ఫిజియో దగ్గర అరచెయ్యి నుదుటికి ఆనించి తల కదలకుండా నొక్కడం, గడ్డం లోపలికి లాగడం నేర్చుకోండి. రబ్బరు బ్యాండుతో వీపు పైభాగంలో రెక్క ఎముకల దగ్గరి కండరాలకు చేసే వ్యాయామాలు విసుగనిపిస్తాయి. అయినా వదలొద్దు, ఓవర్‌హెడ్ షాట్లకు బలం అక్కడినుంచే రావాలి.

కోర్టులో మొదట నెట్ దగ్గర డ్రాప్‌లు (కాక్ నెట్ దాటగానే పడేలా మెల్లగా కొట్టడం), డ్రైవ్‌లు (నెట్ మీదుగా తిన్నగా, వేగంగా కొట్టడం). కాక్ కళ్లెదురుగానే ఉంటుంది కాబట్టి మెడ ఎత్తే పని తక్కువ. అవి హాయిగా ఆడగలిగాక క్లియర్‌లు (కాక్‌ను ఎత్తుగా అవతలి కోర్టు చివరిదాకా కొట్టడం) మొదలుపెట్టండి. ఇక్కడే అసలు కిటుకు ఉంది: కాక్ నెత్తి మీదికి రాకముందే గబగబా వెనక్కి జరిగి, దాన్ని మీ ముందు ఉండగా అందుకోండి. అందుకే ఫుట్‌వర్క్ మీద ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదంటాను. స్మాష్ అన్నిటికన్నా చివర. డబుల్స్‌లో ఇప్పటికీ నేను వీలైనంతవరకు నెట్ దగ్గరే ఉంటాను, వెనకాల మా జోడీ చూసుకుంటాడు.

కబడ్డీ, కుస్తీ లాంటివాటి సంగతి వేరు. ఒక్కచోటే ఫ్యూజన్ అయ్యి, నొప్పి లేకుండా బలమంతా తిరిగొస్తే కొందరిని ఆడనిస్తారు. మూడు చోట్ల అయితే సాధారణంగా వద్దంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు పేటన్ మానింగ్ మెడ ఆపరేషన్ల వల్ల 2011 సీజన్ మొత్తం ఆడలేదు. 2013లో 55 టచ్‌డౌన్ పాస్‌లతో రికార్డు కొట్టాడు. నాకు దిగులేసినప్పుడల్లా ఆయన్నే తలుచుకునేవాణ్ణి.

తల వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టున్నా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, నడక తూలినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆట అక్కడే ఆపి, అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్లండి.