తీరం వెంట ఇద్దరే సాగడానికి తెరచాప పడవ: కొనేముందు ఏం చూడాలి

ఇద్దరే మనుషులు నెలల తరబడి పడవలో ఉంటే, నడిపేది ఎప్పుడూ ఒక్కరే. రెండోవాళ్లు నిద్రలోనో, వంటలోనో, జ్వరంతోనో ఉంటారు. కాబట్టి ఇద్దరిలో బలం తక్కువైనవాళ్లు ఒంటరిగా చాప తగ్గించలేని, లంగరు లేపలేని, రేవుకు చేర్చలేని పడవ ఎంత అందంగా ఉన్నా వద్దు.

అమెరికా తూర్పు తీరాన్నే తీసుకుందాం. వర్జీనియాలోని నార్‌ఫోక్ నుంచి ఫ్లోరిడాలోని మయామీ దాకా నదులు, కాలువలు, సౌండ్లు (తీరానికీ దీవులకూ మధ్య నీటి పాయలు) కలిపిన ఇంట్రాకోస్టల్ వాటర్‌వే సుమారు 1,090 మైళ్లు. మేరీలాండ్, వర్జీనియాల్లో ఉండే తెలుగువాళ్లకు ఇది పక్కనే మొదలవుతుంది. ఈ దారికి పడవ పొడవు కంటే ముందు రెండు అంకెలు చూడాలి: మాస్ట్ (చాప కట్టే స్తంభం) ఎత్తు, కీల్ (పడవ అడుగున నీళ్లలోకి దిగి ఉండే బరువైన రెక్క) లోతు.

స్థిర వంతెనల కింద సాధారణంగా 65 అడుగుల ఖాళీ ఉంటుంది. నార్త్ కరోలినాలో విల్కర్సన్ వంతెన 64 అడుగులే. అక్కడ ఆటుపోట్ల ప్రభావం లేకపోయినా, గాలి తోసే నీటితో మట్టం మారుతుంది. మయామీ దగ్గరి జూలియా టటిల్ వంతెన 56 అడుగులు. దాని కింద పట్టనివాళ్లు ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర సముద్రంలోకి వెళ్లి మయామీ చేరాలి. బ్రోషర్లో రాసే మాస్ట్ ఎత్తులో యాంటెన్నా, గాలి సూచిక చాలాసార్లు కలపరు. వాటికి 2, 3 అడుగులు వేసుకుని, మొత్తం 62 దాటని పడవ చూడండి. 55 లోపైతే ఇంకా హాయి.

కీల్ లోతు 5 అడుగులు మించకపోతే మంచిది. మార్గానికి కాగితం మీద 10, 12 అడుగుల లోతు ఉన్నా, జార్జియాలో హెల్ గేట్, లిటిల్ మడ్ రివర్ లాంటి చోట్ల పూడిక పేరుకుని పాటు (నీరు తీసే) సమయంలో నీళ్లు చాలవు. అక్కడ ఆటుపోట్ల తేడా 2 మీటర్లు దాటుతుంది. పోటు వస్తుండగా ఇసుకలో దిగబడితే కాసేపటికి నీరే లేపుతుంది. పాటులో దిగబడితే మళ్లీ పోటు వచ్చేదాకా పక్కకు ఒరిగి కూర్చోవలసిందే. కాటలీనా 34 లాంటి పడవలు లోతైన కీల్‌తోనూ, అడుగున రెక్కలున్న పొట్టి వింగ్ కీల్‌తోనూ దొరుకుతాయి. పొట్టిది గాలికి ఎదురు కొంచెం నెమ్మదిగా సాగుతుంది. ఈ దారిలో ఎక్కువసేపు ఇంజనే నడుస్తుంది కాబట్టి ఆ నష్టం భరించవచ్చు.

పొడవు 32 నుంచి 36 అడుగులు, బరువు 5 నుంచి 7 టన్నులు ఉంటే ఇద్దరికి సరిపోతుంది. అంతకు మించితే రేవులో గాలికి పడవ పక్కకు జరిగినప్పుడు ఒక మనిషి తాడు పట్టి ఆపలేరు. రెండు పడవలు జతచేసినట్టుండే కాటమరాన్‌లో చోటు బాగుంటుంది కానీ, ఆ వెడల్పుకు తగిన రేవు, ఒడ్డుకు తీసే క్రేన్ ప్రతిచోటా దొరకవు.

మెయిన్‌సెయిల్ (ప్రధాన చాప) 30 చదరపు మీటర్ల లోపు ఉండాలి. ముందు చాపకు దాన్ని చుట్టిపెట్టే రోలర్ ఫర్లింగ్ ఉండాలి. రీఫ్ (గాలి పెరిగితే చాపను కొంత మడిచి తగ్గించడం) తాళ్లన్నీ నడిపేవాళ్లు కూర్చునే కాక్‌పిట్ దాకా రావాలి, అక్కడ తాడును తామే పట్టి ఉంచే సెల్ఫ్‌టెయిలింగ్ వించ్‌లు ఉండాలి. కొనేముందు గాలి తక్కువున్న రోజు చాప ఎత్తించి, బలం తక్కువైనవాళ్లతో ఒంటరిగా మొదటి రీఫ్ వేయించండి. 5 నిమిషాలు దాటితే తాడు ఎక్కడ రాసుకుంటోందో చూడండి. తప్పు చాలాసార్లు మనిషిది కాదు, అరిగిన కప్పీది. ఆటోపైలట్ మాత్రం విలాసం కాదు, మూడో మనిషి. డెక్ కింద చుక్కానిని నేరుగా తిప్పే రకం అలల్లో నిలబడుతుంది.

లంగరు లెక్క చేతితో వేసుకోండి. నీళ్లు 3 మీటర్లు, పోటుకు పెరిగేది 2.4, నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు 1.2. మొత్తం 6.6 మీటర్లు. దానికి 5 రెట్లు 33 మీటర్ల గొలుసు, గాలి ముదిరితే 7 రెట్లు 46 మీటర్లు. చాలామంది పోటునూ ముక్కు ఎత్తునూ మరిచి 3 మీటర్లకే లెక్కేస్తారు, అర్ధరాత్రి లంగరు జారేది అందుకే. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు 1.4 కిలోలు. 15 కిలోల లంగరు, నిలువుగా వేలాడే గొలుసు, అంటిన బురద కలిస్తే చేత్తో రోజూ లాగే బరువు కాదు. లంగరు లేపే కరెంటు విండ్‌లాస్ కావాలి, కరెంటు పోతే హ్యాండిల్‌తో తిప్పే వీలూ ఉండాలి.

నీళ్లలో పడ్డ మనిషిని వెతకడం కంటే పైకి ఎక్కించడం కష్టం. వెనుక నిచ్చెన నీళ్లలో ఉన్నవాళ్ల చేతికి అందాలి, కనీసం రెండు మెట్లు నీటి కిందకు దిగాలి.

కరెంటు లెక్క 12 వోల్టుల మీద: ఫ్రిజ్ రోజుకు 50 ఆంపియర్ అవర్లు, ఆటోపైలట్ 25, దీపాలు, పరికరాలు, ఫోన్లు 35. మొత్తం 110. సీసం బ్యాటరీలో సగమే వాడాలి కాబట్టి 220 కావాలి. ఎండ బాగున్న రోజు 300 వాట్ల సోలార్ ఇందులో చాలావరకు తిరిగి నింపుతుంది.

ఇంజన్ దగ్గర తొందర వద్దు. వెళ్లగానే దాని మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు రండి. చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందన్నదే అసలు పరీక్ష. నీలం పొగ ఆయిల్ మండుతోందని చెబుతుంది. నల్ల పొగ అయితే గాలి చాలడం లేదు, లేదా ప్రొపెల్లర్ భారం ఎక్కువైంది. పూర్తి వేగంలో 10 నిమిషాలు నడపండి. వేడి పెరుగుతూ పోతే ఇంజన్‌ను చల్లబరిచే హీట్ ఎక్స్‌చేంజర్‌లోనో, పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ ఎల్బోలోనో పూడిక ఉండవచ్చు. నీటి పంపులో తిరిగే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) చేతికి అందుతుందా అన్నదీ చూడండి, దాన్ని అలల్లో మార్చాల్సి రావచ్చు.

తర్వాత డెక్. చిన్న ప్లాస్టిక్ సుత్తితో క్లీట్లు (తాళ్లు కట్టే కొక్కేలు), రెయిలింగ్ కాళ్లు, చైన్‌ప్లేట్ల (మాస్ట్ తీగలను పడవకు బిగించే ఉక్కు పట్టీలు) చుట్టూ తట్టుకుంటూ పోండి. గట్టి శబ్దం వస్తే బాగున్నట్టు. మొద్దుగా వినిపించే చోట ఫైబర్ మధ్యనున్న బాల్సా చెక్క తడిసి కుళ్లి ఉండవచ్చు. స్క్రూ రంధ్రాల్లోంచి ఏళ్ల తరబడి నీరు దిగితే ఇలా అవుతుంది. అరచేయంతైతే బాగుచేయించవచ్చు, డెక్‌లో పావువంతైతే ఆ పడవ వదిలేయండి. చైన్‌ప్లేట్ ఉక్కు డెక్ గుండా వెళ్లే చోట తడి నిలిచి, గాలి తగలక లోలోపలే తుప్పు తినేస్తుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, విప్పి చూస్తే తప్ప తెలియదు. లోపల అల్మరా గోడ మీద గోధుమరంగు చారలుంటే అనుమానించండి. మాస్ట్‌ను నిలబెట్టే తీగలకు 10 నుంచి 15 ఏళ్లే ఆయుష్షు. మార్చిన రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క వేసి ధర మాట్లాడండి.

ఆఫర్ రాసేటప్పుడు, ఒడ్డుకు తీసి సర్వే (నిపుణుల తనిఖీ) చేయించాక, నీళ్లలో నడిపి చూశాకే కొనుగోలు ఖాయమని షరతు పెట్టండి. సర్వేయర్‌ను అమ్మేవాళ్లు చెప్పినవాళ్లలోంచి కాకుండా మీరే వెతుక్కోండి. ధరలో 15 నుంచి 20 శాతం మొదటి ఏడాది పనులకు విడిగా ఉంచుకోండి. తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30. ఆ నెలల్లో పడవ ఎంత ఉత్తరాన ఉండాలో చాలా బీమా పాలసీలు నిర్దేశిస్తాయి. కొన్ని కంపెనీలు పాత పడవలకు బీమా ఇవ్వవు. అందుకని సర్వే రిపోర్టు చేతికి రాగానే బీమా కంపెనీకి పంపి, రాతపూర్వకంగా కొటేషన్ వచ్చాకే మిగతా డబ్బు చెల్లించండి.