రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని, ప్రయాణ సమయాన్ని లెక్కగట్టడం ఎలా?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ప్రయాణికుల విమానాశ్రయం లేదు కాబట్టి, నెల్లూరువారు రేణిగుంటకో చెన్నైకో, ఒంగోలువారు ఎక్కువగా గన్నవరానికో వెళ్లి విమానం ఎక్కాలి. ఇక్కడి తిరుపతి (రేణిగుంట), విజయవాడ (గన్నవరం) విమానాశ్రయాలనే ఉదాహరణగా తీసుకొని లెక్క చేద్దాం.

మొదట రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలను పటంలో చూసి రాసుకోవాలి. రేణిగుంట 13.63, 79.54, గన్నవరం 16.53, 80.80. కొన్ని పటాలు 13 డిగ్రీల 38 నిమిషాలు అని చూపుతాయి, దాన్ని 13.38గా రాసుకుంటే లెక్క మొత్తం చెడుతుంది. నిమిషాలను 60తో భాగించి కలపాలి.

తరువాత అక్షాంశాల తేడాను 111తో గుణించాలి (ఒక్కో డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు): 2.90 × 111 అంటే 322 కిలోమీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరపడతాయి కనుక, మన ప్రాంతంలో వాటి తేడాను 107తో గుణిస్తే చాలు: 1.26 × 107 అంటే సుమారు 135. ఈ రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే దాదాపు 350 కిలోమీటర్లు వస్తుంది. ఇది ఆకాశమార్గపు దూరం. పటం మీద స్కేలు పెట్టి చూస్తే ఈ గీత నెల్లూరుకు కాస్త పడమరగా సాగి, కావలి ప్రాంతంలో తీరం దాటి, ఒంగోలుకు ఎదురుగా సముద్రం మీదుగా పోయి, బాపట్ల దగ్గర మళ్లీ నేల మీదికి వస్తుంది.

ఇక సమయం. చిన్న ఊళ్ల మధ్య తిరిగే, పంకాలతో నడిచే ఏటీఆర్ 72 విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి 350 కిలోమీటర్లకు 42 నిమిషాలు పట్టాలి. అయితే పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు, రన్‌వేకు ఎదురుగా తిరిగేటప్పుడు ఆ వేగం ఉండదు. అందుకు పావుగంట, విమానం నేల మీద నడిచేందుకు మరో పది నిమిషాలు కలపాలి. టికెట్టు మీద ఉండేది విమానం నిలిచిన చోటు నుంచి కదిలి, మళ్లీ నిలిచే వరకు పట్టే సమయం కనుక, అక్కడ గంటా పది నిమిషాలు కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. జెట్ విమానమైనా ఇంత తక్కువ దూరంలో కలిసివచ్చేది కొద్ది నిమిషాలే.

చివరగా ఇంటి గడప నుంచి లెక్కించాలి. చెక్‌ఇన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసివేస్తారు. నెల్లూరు నుంచి రేణిగుంటకు రోడ్డు మీద రెండున్నర గంటలు, గన్నవరంలో దిగి విజయవాడ చేరడానికి ముప్పావు గంట అనుకుంటే మొత్తం దాదాపు ఐదున్నర గంటలవుతుంది. నెల్లూరు నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు అంతకంటే ముందే విజయవాడ చేరుస్తుంది. ఒంగోలువారు తిరుపతికి విమానంలో పోవాలనుకోవడం మరీ విడ్డూరం: ఉత్తరానికి 150 కిలోమీటర్లకు పైగా వెళ్లి, మళ్లీ తమ తీరం పక్కనుంచే వెనక్కి ఎగరాలి.

విశాఖకైతే సంగతి వేరు. రేణిగుంట నుంచి అది ఇదే లెక్కన సుమారు 600 కిలోమీటర్లు; రైలులో పన్నెండు గంటల మాట. నేరుగా విమానం ఉంటే లాభమే. హైదరాబాదులో మారాల్సి వస్తే మాత్రం రెండు మార్గాలను విడివిడిగా లెక్కగట్టి, మధ్యలో వేచి ఉండే సమయాన్నీ కలిపి చూసుకున్నాకే టికెట్టు కొనాలి.