కల్ట్ సైన్స్ ఫిక్షన్ సినిమా డిస్కు మళ్ళీ వస్తోందా? ప్రీ-ఆర్డర్‌కి ముందు ఏం చూసుకోవాలి?

ఎప్పుడో చిన్నప్పుడు కేబుల్‌లో సగం నుంచి చూసి పిచ్చెక్కిపోయిన సైన్స్ ఫిక్షన్ సినిమా ఇన్నేళ్ళకి బ్లూ-రే డిస్కులోనో, దానికంటే ఇంకా స్పష్టంగా ఉండే 4కే డిస్కులోనో మళ్ళీ వస్తోందని వార్త రాగానే చెయ్యి ఆర్డర్ బటన్ మీదకి పోతుంది, నాకు తెలుసు, నాకూ అంతే. కానీ ఒక్క వారం ఆగండి. ఆ వారంలో ఏం చూసుకోవాలో ఇక్కడ రాస్తున్నా.

స్టెప్ 1: ఏ కట్ ఇస్తున్నారో తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యం ఇదే. కట్ అంటే ఒకే సినిమాని వేరేగా ఎడిట్ చేసిన వెర్షన్. సినిమా పేరు ఒక్కటే ఉంటుంది, లోపల సినిమాలు నాలుగైదు ఉంటాయి. బ్లేడ్ రన్నర్‌నే తీసుకోండి. 1982లో థియేటర్లకి వచ్చినదాంట్లో హారిసన్ ఫోర్డ్ వాయిస్ ఓవర్ ఉంటుంది, చివర్లో హీరో హీరోయిన్లిద్దరూ కొండల మధ్య కారులో వెళ్ళిపోతారు. 1992 డైరెక్టర్స్ కట్‌లో ఆ రెండూ తీసేసి యూనికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) కల పెట్టారు. 2007లో రిడ్లీ స్కాట్ ఫైనల్ కట్ వచ్చింది, అప్పుడే ఐదు డిస్కుల సెట్‌లో వర్క్‌ప్రింట్‌తో (రిలీజ్‌కి ముందు పరీక్షగా వేసిన పూర్తికాని కాపీ) కలిపి ఐదు వెర్షన్లూ ఇచ్చారు, ఫ్యాన్స్‌కి అది పండగే. 2017లో 4కే వచ్చింది కానీ 4కేలో ఉన్నది ఫైనల్ కట్ ఒక్కటే.

"ఏ కట్ అయితే ఏంటి" అనుకోకండి. బ్లేడ్ రన్నర్‌లో జోరా అనే పాత్ర అద్దాలు పగలగొట్టుకుంటూ పరిగెత్తే సీను గుర్తుందా? పాత వెర్షన్లలో అక్కడ స్టంట్ డబుల్ అని ఇట్టే తెలిసిపోతుంది, విగ్గు వేరు, మొహం వేరు. ఫైనల్ కట్ కోసం పాతికేళ్ళ తర్వాత జోరాగా వేసిన జోవన్నా క్యాసిడీని మళ్ళీ పిలిచి, ఆమె మొహం షూట్ చేసి అక్కడ అతికించారు. ఇప్పుడు ఆ సీను చూస్తే గుండె పట్టేస్తుంది. అయితే 1982 ప్రింటే అసలైనదని ఇష్టపడేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళది తప్పని నేను అనను. మీకు ఏది కావాలో ముందే అనుకుని, ఆ కట్ నిడివి బాక్సు వెనక రాసినదానితో సరిపోతుందో లేదో చూడండి.

స్టెప్ 2: బొమ్మ ఎక్కడి నుంచి తీశారో చూడండి

ది అబిస్ కోసం మేం ఎదురుచూసినంత ఇంక దేనికీ చూసుండం. జేమ్స్ కామెరాన్ 1989లో తీశాడు, డీవీడీ 2000లో వచ్చింది, ఆ తర్వాత బ్లూ-రే లేదు, ఏమీ లేదు, 4కే సెట్ వచ్చేసరికి 2024 మార్చి అయింది. మధ్యలో ఆ డీవీడీయే దిక్కు. దాన్ని ఇప్పటి వెడల్పు టీవీలో వేస్తే నాలుగు పక్కలా నల్ల చట్రం, మధ్యలో పోస్టుకార్డంత బొమ్మ. జూమ్ చేస్తే నీళ్ళ అడుగున మొహాలన్నీ చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. అలా చూసినవాడికి కొత్త డిస్కులో మొదటి షాట్ పడగానే కళ్ళు చెమ్మగిల్లకపోతే ఆశ్చర్యం.

కానీ ఆ డిస్కు మీద కూడా ఫ్యాన్స్ రెండు వర్గాలైపోయారు. ఫిల్ములో సహజంగా ఉండే గ్రెయిన్‌ని, అంటే ఆ సన్నటి రేణువుల్ని, మరీ నున్నగా తుడిచేశారని కొందరి బాధ. అందుకే చెప్తున్నా, ప్రెస్ నోట్‌లో "ఒరిజినల్ కెమెరా నెగెటివ్ నుంచి కొత్త స్కాన్" అని ఉందా, లేక ఊరికే "రీమాస్టర్డ్" అని వదిలేశారా చూడండి. రివ్యూలు రాగానే స్క్రీన్‌షాట్లలో నటుల బుగ్గలు, జుట్టు, స్వెటర్ అల్లిక గమనించండి. చర్మం మైనంలా మెరుస్తుంటే, వెంట్రుకలు ముద్దలా ఉంటే గ్రెయిన్ తీసేసినట్టే. సన్నటి ఇసుక రేణువుల్లా కదులుతూ ఉంటే అది లోపం కాదు, అది ఫిల్ము.

సౌండ్ కూడా అంతే, దీన్ని చాలామంది పట్టించుకోరు. ది టెర్మినేటర్ 1984లో మోనో (ఒకే ఛానెల్) సౌండ్‌తో వచ్చింది, తర్వాత డీవీడీకి 5.1 (చుట్టూ స్పీకర్ల నుంచి వచ్చే సౌండ్) చేసినప్పుడు తుపాకీ శబ్దాలే మార్చేశారు. పాత మిక్స్ కూడా ఇస్తున్నారా అని వెతకండి.

స్టెప్ 3: మీ ప్లేయర్‌లో ఆడుతుందో లేదో

4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకి మామూలుగా రీజియన్ లాక్ (ఒక ప్రాంతం డిస్కు వేరే ప్రాంతం ప్లేయర్‌లో ఆడకుండా పెట్టే తాళం) ఉండదు, ఎక్కడ కొన్నా ఆడతాయి. బ్లూ-రేకి మాత్రం ఉండొచ్చు. అమెరికా ఏ, యూకే బీ, మన ఇండియా సీ. నేను ఒకసారి బయటి నుంచి తెప్పించిన సెట్‌లో సినిమా 4కే డిస్కు బాగానే ఆడింది, మేకింగ్ వీడియోలున్న బ్లూ-రే మాత్రం రీజియన్ ఏ, ప్లేయర్ మొహం మీదే వద్దంది. నాకు కావలసిందే ఆ మేకింగ్! ఆ బాధ మీకొద్దు, ప్రతి డిస్కుకీ విడిగా చూసుకోండి.

విడిగా ప్లేయర్ కొనలేకపోతే డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ 4కే డిస్కులు ఆడిస్తాయి.

స్టెప్ 4: డబ్బు లెక్క

డిస్కు రేటు, షిప్పింగ్, కస్టమ్స్ మూడూ కలిపి చూడండి. అమెరికాలోనో యూకేలోనో ఉన్న అన్నయ్యో వదినో సెలవులకి వస్తుంటే వాళ్ళ సూట్‌కేసులో తెప్పించుకోవడం అన్నిటికంటే మేలు, మన తెలుగు ఇళ్ళలో ఆ సదుపాయం చాలామందికి ఉంది కదా. స్టీల్‌బుక్ (బొమ్మలు వేసిన లోహపు కేసులో వచ్చే ఎడిషన్) మీద మోజుంటే మాత్రం ఆలస్యం చేయకండి, ముందు అయిపోయేవి అవే. మామూలు ఎడిషన్ అయితే నింపాదిగా కొనొచ్చు.

స్టెప్ 5: పార్సిల్ వచ్చిన రోజు

విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. డిస్కుని అంచులతో పట్టుకుని ట్యూబ్‌లైట్ కింద కొంచెం వంచి చూడండి, గీతలుంటే తెలిసిపోతాయి. రిటర్న్ గడువు ముగిసేలోపే సినిమా మొత్తం ఒకసారి ఆడించండి, ఎందుకంటే డిస్కు మధ్యలో ఎక్కడైనా ఆగిపోవచ్చు.

టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికని సీరియల్‌లా మరీ నున్నగా చేసే సెట్టింగ్) ఆపేయండి, ఫిల్మ్‌మేకర్ మోడ్ (సినిమాని తీసినట్టే చూపించే సెట్టింగ్) ఉంటే పెట్టండి, ప్లేయర్ తగిలించిన హెచ్‌డీఎంఐ పోర్టుకి హెచ్‌డీఆర్ (వెలుగు, నీడల తేడా బాగా చూపించేది) సెట్టింగ్ ఆన్‌లో ఉందో చూడండి. గదిలో లైట్లు తీసేయండి.

మన ఆదిత్య 369ని 2025 ఏప్రిల్ 4న 4కేలో థియేటర్లలో మళ్ళీ వేశారు. సింగీతం గారి టైమ్ మెషీన్ అంత పెద్ద తెర మీద అంత శుభ్రంగా చూశాక, అదే బొమ్మ డిస్కుగా చేతిలోకి రావాలని ఎంత కోరికగా ఉందో చెప్పలేను. షెల్ఫ్‌లో బ్లేడ్ రన్నర్ పక్కన ఒక డిస్కు పట్టేంత ఖాళీ ఉంచాను.