పెద్ద విమానం తక్కువ ఇంధనం తాగాలంటే

విమానాల కాలుష్యం మాట ఎత్తగానే చాలామంది బ్యాటరీ దగ్గరకో హైడ్రోజన్ దగ్గరకో వెళ్లిపోతారు. మూడు వందల మందిని సముద్రం దాటించే విమానానికి ఆ రెండూ ఇప్పట్లో కుదరవు. కిలో జెట్ ఇంధనంలో సుమారు 12 కిలోవాట్-అవర్ల శక్తి ఉంటే, ఇప్పటి మంచి బ్యాటరీలో కిలోకి అందులో నలభయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. హైడ్రోజన్ తేలికే, కానీ మైనస్ 253 డిగ్రీల్లో ద్రవంగా ఉంచినా నాలుగింతల చోటు కావాలి. అందుకే ఇప్పుడు ఎగురుతున్న విమానాలతోనే మొదలుపెట్టండి, వాటిలో చాలావి ఇంకా ఏళ్ల తరబడి తిరుగుతాయి. కిలో ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఈ ఒక్క లెక్క ఎప్పుడూ మనసులో పెట్టుకోండి.

ముందు బరువు సంగతి చూడండి. ఇంధనాన్ని మోయడానికి కూడా ఇంధనమే ఖర్చవుతుంది, ఇక్కడే తడిసి మోపెడవుతుంది. దూరప్రయాణాల్లో అదనపు బరువుకు గంటకు సుమారు 3 శాతం చొప్పున ఇంధనం పోతుంది. అంటే "ఎందుకైనా మంచిది" అని ఒక టన్ను ఎక్కువ నింపుకుని పది గంటలు ఎగిరితే దాదాపు 300 కిలోలు ఆ మోతకే సరి. రూల్స్ ప్రకారం ఉండాల్సిన రిజర్వ్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు, చివరి మాట పైలట్‌దే. తగ్గించాల్సింది అలవాటుగా కలిపేది. చిన్న ప్రయాణానికి కూడా తాగునీళ్ల ట్యాంకు నిండా నింపడం, బరువైన సీట్లు, ట్రాలీలు, ఇవన్నీ మార్చుకోదగ్గవే.

తర్వాత ఇంజిన్ కడగడం. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకైతే ఇదే అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. దుమ్ము, ఉప్పు, నూనె తుంపరలు కంప్రెసర్ బ్లేడ్ల మీద పొరలా పేరుకుంటే వాటి ఆకారమే మారిపోయి గాలి సరిగా నొక్కుకోదు, అదే తోపుడు కోసం ఇంజిన్ ఇంకాస్త ఇంధనం మండించి ఇంకాస్త వేడెక్కుతుంది. ఇంజిన్ చల్లారాక మంట లేకుండా స్టార్టర్‌తో తిప్పుతూ లోపలికి వేడినీళ్లు చిమ్మితే వెనక నుంచి మురికి నీళ్లు కారతాయి. ఆ తర్వాత ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు దిగిందంటే పని జరిగినట్టే. అదే చేత్తో తలుపుల రబ్బరు సీళ్లు, పూర్తిగా మూసుకోని ఫ్లాపులు కూడా చూసుకోండి, చిన్న సందున్నా గాలి ఈడ్పు పెరుగుతుంది.

నేల మీద ఉన్నప్పుడు తోకలోని చిన్న ఇంజిన్, అంటే ఏపీయూ, ఆపేసి గేటు దగ్గర కరెంటు వాడండి. వీలున్నచోట ఒకే ఇంజిన్‌తో ట్యాక్సీ చేయండి, రెండోది వేడెక్కడానికి కొన్ని నిమిషాలు ముందే స్టార్ట్ చేయాలని మర్చిపోకుండా. దిగేటప్పుడు మెట్లుమెట్లుగా కాకుండా ఒకే వాలులో, ఇంజిన్లు దాదాపు ఐడిల్‌లో పెట్టి దిగాలి, దీనికి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్ల సహకారం తప్పనిసరి.

రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. అందుకే గాలి రెక్క కొస దగ్గర పైకి తిరిగి సుడి కడుతుంది, ఆ సుడికి పోయే శక్తంతా దండగే. కొసన నిలబెట్టే వింగ్‌లెట్ దాన్ని బలహీనపరుస్తుంది. ఏ320 మీద షార్క్‌లెట్లతో, అంటే ఆ కంపెనీ వింగ్‌లెట్లతో, దూరప్రయాణాల్లో 4 శాతం దాకా ఆదా అవుతుందని ఎయిర్‌బస్ చెబుతుంది. పొట్టి ప్రయాణాలకు లాభం తక్కువ, ఎందుకంటే వింగ్‌లెట్‌కీ బరువుంటుంది.

కొత్తవి కొనేటప్పుడు ఇంజిన్ బైపాస్ నిష్పత్తి చూడండి, అంటే ఇంధనం మండే మధ్య భాగం (కోర్) గుండా వెళ్లే గాలికి ఎన్ని రెట్లు దాని చుట్టూ వెళుతుందో. కొద్ది గాలిని వేగంగా నెట్టడం కంటే ఎక్కువ గాలిని మెల్లగా నెట్టడం చవక. ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ ఇంజిన్‌లో కోర్ గుండా వెళ్లే గాలికి సుమారు 12 రెట్లు దాని చుట్టూ వెళుతుంది.

వాడిన నూనెలతో, వ్యర్థాలతో చేసే సుస్థిర ఇంధనాన్ని ప్రస్తుతం సగం దాకా కలపవచ్చు. దేనితో చేశారో అడగండి, మంచి ముడిసరుకైతే మొత్తం ఉద్గారాలు 80 శాతం దాకా తగ్గుతాయి.

చివరగా ఆకాశంలో మిగిలే తెల్లటి చారలు. చల్లటి తేమ పొరల్లో అవి గంటల తరబడి నిలిచి భూమి వేడిని పైకి పోనివ్వవు. 2023లో గూగుల్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి 70 ప్రయాణాల్లో ఎత్తు మార్చి చూస్తే చారలు 54 శాతం తగ్గాయి, కాస్త ఇంధనం ఎక్కువైనా. రాత్రి విమానాలతో మొదలుపెట్టండి, పగలైతే ఆ చారలు కొంత ఎండనైనా వెనక్కి పంపుతాయి, రాత్రి ఆ పాటి మేలు కూడా ఉండదు.