నిషి కసాయ్ నుంచి ఇవాబుచి ఎర్ర గేట్లకి: ఒక పూట ఎలా వెళ్ళి రావాలి

ఇండియా నుంచి చుట్టాలు వచ్చిన ప్రతిసారీ టోక్యోలో అదే అసాకుసా గుడి, అదే స్కైట్రీ టవర్ చూపించి విసుగొచ్చేసిందా, అయితే ఈసారి ఇటు తీసుకెళ్ళండి. తోజాయ్ మెట్రో లైన్‌లో ఆఫీసుకి పోతూ నిషి కసాయ్ దాటగానే ఒక పొడుగాటి బ్రిడ్జి వస్తుంది కదా, కింద అంత వెడల్పుగా పారే అరకావా అసలు ఏరే కాదండి, మనుషులు తవ్విన వరద కాలవ. 22 కిలోమీటర్ల పొడుగు, దాదాపు అర కిలోమీటరు వెడల్పు. ఆ కాలవ మొదలయ్యే చోటే ఈ ఇవాబుచి, వరద నీళ్ళని ఆపడానికి కట్టిన ఎర్ర గేట్లు ఉన్నది అక్కడే.

దారి చాలా ఈజీ. తోజాయ్ లైన్‌లో ఈదబాషి దాకా వెళ్ళి నంబోకు లైన్‌కి మారితే అకబానె ఇవాబుచి స్టేషన్, అక్కడి నుంచి పావుగంట ఇరవై నిమిషాలు నడక. పిల్లలూ స్ట్రోలరూ ఉంటే ఇంకో పది నిమిషాలు వేసుకోండి. మ్యాప్‌లో అమోవా అని కొట్టండి, అది అరకావా మ్యూజియం, టికెట్ లేదు, సోమవారం మూత. గేట్లు కూడా దాని పక్కనే.

ముందు మ్యూజియంలోకే వెళ్ళండి, బాత్రూమ్ అవసరం కూడా తీరిపోతుంది. 1910 ఆగస్టు వరదలో టోక్యో పాతపేటలన్నీ మునిగిపోయాక, ఇక లాభం లేదు, సుమిదా ఏటి వరద పోడానికి ఇంకో దారి తవ్వాల్సిందే అని తేల్చుకున్నారు. దాదాపు 1,300 కుటుంబాలు ఇళ్ళూ పొలాలూ వదిలి లేచిపోవాల్సొచ్చింది, 1924లో నీళ్ళు వదిలారు, మొత్తం పని అయ్యేసరికి 1930. ఇదంతా నడిపించిన ఇంజనీర్ అకిరా అవోయామా, పనామా కాలవ తవ్వకంలో పనిచేసిన ఒకే ఒక్క జపనీస్ ఆయన, అక్కడ ఏడేళ్ళు ఉండొచ్చి ఇక్కడ పునాదులు ఎంత లోతుకి దించాడంటే 1923 భూకంపం వచ్చినా గేట్ల కట్టడం నిలబడింది. మ్యూజియం దగ్గరే ఒక స్మారక శిల ఉంటుంది, తప్పకుండా చూడండి. ఈ పనిలో ప్రాణాలూ కష్టమూ ధారపోసిన మా తోటివాళ్ళని గుర్తుపెట్టుకోడానికి అని రాయించాడు గానీ ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు! మన దగ్గర బస్ షెల్టర్‌కి కూడా ఎన్ని పేర్లుంటాయో తెలుసుగా.

తర్వాత ఎర్ర గేట్లు. మొత్తం ఐదు, రంగు మొదటినుంచీ ఎరుపు కాదు, తర్వాత రిపేర్లప్పుడు వేసింది. 2024లో దేశ స్థాయి సాంస్కృతిక సంపదగా గుర్తించారు. పైనుంచి నడిచి అవతల చిన్న లంకలోకి పోవచ్చు, బెంచీలూ చెట్లూ, ఒకప్పుడు జరిగిన గడ్డి కోత పోటీల గుర్తుగా ఒక రాయీ ఉంటాయి. పులిహోర డబ్బా తెరవాల్సింది ఇక్కడే (చెత్త మాత్రం ఇంటికే తెచ్చుకోవాలి, తెలిసిందేగా). ఒడ్డు మీద పాత వరదలు ఎంత ఎత్తుకి వచ్చాయో గుర్తులు పెట్టిన స్తంభం ఉంది, 1947 కాథ్లీన్ తుఫాను గుర్తు కింద పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీస్తే సంగతి వాళ్ళకే అర్థమవుతుంది.

కాస్త కిందికి నడిస్తే నీలం గేట్లు, మూడే గానీ చాలా పెద్దవి. నేల కుంగిపోయి పాత గేట్ల ఎత్తు చాలక 1982లో ఇవి కట్టారు, ఇప్పుడు పని చేసేది ఇవే. మనకి ధవళేశ్వరం అలవాటు కదా, వరదొస్తే గేట్లు ఎత్తుతారు, ఇక్కడ రివర్స్, ఎప్పుడూ ఎత్తే ఉంటాయి, వరదొస్తే దించుతారు. దించితే అసాకుసా మీదుగా పోయే సుమిదా ఏట్లోకి వరద పోదు, మొత్తం మన బ్రిడ్జి కింద కాలవలోకే వస్తుంది. 2019 అక్టోబర్ తుఫానులో పన్నెండేళ్ళ తర్వాత దించారు, ఊరు గట్టెక్కింది, కానీ ఆ రాత్రి ఆ నీళ్ళన్నీ ఎవరి గట్టు పక్కన పారాయో ఆలోచించండి. అదే ఏడాది మన నిషి కసాయ్ ఉన్న ఎదొగావా వార్డు వేసిన వరద మ్యాప్ అట్ట మీద "ఇక్కడ ఉండకూడదు" అనే అచ్చేశారు, వార్డులో 70 శాతం నేల సముద్రం పోటు మట్టం కంటే కిందే మరి. ఆ మ్యాప్ ఇంట్లో లేకపోతే వార్డు ఆఫీసులో అడగండి, మీ బిల్డింగ్ ఏ రంగులో ఉందో చూసుకుని ఇక్కడికి వస్తే ఈ గేట్లని చూసే తీరే మారిపోతుంది.

ఎప్పుడు వెళ్ళాలంటే మార్చి చివర్లో సకురా (చెర్రీ పూలు) ఉంటుంది, నవంబర్ ఎండ కూడా హాయిగా ఉంటుంది. జులై ఆగస్టుల్లో గట్టు మీద నీడ ఉండదు, మాడిపోతారు, వెళ్ళినా సాయంత్రం వెళ్ళండి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు మాత్రం గేట్లు దించడం చూద్దామని అస్సలు బయల్దేరొద్దు. తిరిగొచ్చేటప్పుడు ఓపికుంటే జేఆర్ అకబానె స్టేషన్ వైపు నడవండి, తినడానికి షాపులు బోలెడు, కాకపోతే వెజ్ వాళ్ళు ఆ పులిహోరే కాస్త మిగుల్చుకోండి.